ఐదో తరగతి పిల్లలకు భిన్నాలు మొదటి నుంచి ఎలా చెప్పాలి?

పటమట తల్లి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి విజయవాడలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఐదో తరగతి చదువుతోంది. ఎక్కాలు, గుణకారాలు, పెద్ద పెద్ద భాగహారాలు తడబడకుండా చేస్తుంది కానీ, భిన్నాల దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏమైపోతుందో అర్థం కావడం లేదు. 1/4, 1/8లలో ఏది పెద్దదని అడిగితే 1/8 అంటుంది. ఎందుకమ్మా అంటే, నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కదా అని ఎదురు ప్రశ్న వేస్తుంది. 1/2కు 1/3 కలిపితే 2/5 అని రాస్తుంది. అదే పిల్లను రైతుబజారులో నిలబెట్టి అరకిలో ఎక్కువా, పావుకిలో ఎక్కువా అని అడిగితే, ఇది కూడా ఒక ప్రశ్నేనా అన్నట్టు చూస్తుంది.

బడిలో లవం (పై అంకె), హారం (కింది అంకె), క్రమ భిన్నం, అపక్రమ భిన్నం అన్న వాటి నిర్వచనాలన్నీ ఇంగ్లీషులో కంఠస్థం చేయించారు. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పద్ధతి చూపించి ఇలా చేయమంటే అలాగే చేస్తుంది, కానీ వచ్చిన జవాబు సబబుగా ఉందో లేదో చెప్పలేదు. ఇంట్లో నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాలనుకుంటున్నాను. దోశను ముక్కలు చేసి చూపించడం తప్ప నాకు మరో దారి తోచడం లేదు. అనుభవం ఉన్నవారు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.

బ్రాడీపేట మాస్టారు

అమ్మా, నేను గుంటూరు జిల్లాలో ఉన్నత పాఠశాలల్లో గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. మీ అమ్మాయి చేస్తున్నది అజాగ్రత్త కాదు, తెలివి తక్కువా కాదు. ఇన్నాళ్లూ తనకు ఉపయోగపడిన పూర్ణసంఖ్యల జ్ఞానాన్నే ఆమె ఇక్కడ కూడా వాడుతోంది. ఆమె కంటికి 1/8 అన్నది ఒక సంఖ్య కాదు. గీతకు పైన ఒకటి, కింద ఒకటి కూర్చున్న రెండు వేర్వేరు సంఖ్యలు. అందుకే పోల్చమంటే కింది అంకెలను పోలుస్తుంది, కూడమంటే పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడుతుంది. మీరు సరిదిద్దాల్సింది ఈ ఒక్కదాన్నే. 3/4 అనేది రెండు అంకెల జత కాదని, ఒకే ఒక పరిమాణమని, దానికి సున్నాకూ ఒకటికీ మధ్య ఒక నిర్దిష్టమైన చోటు ఉందని ఆమెకు రూఢి కావాలి. తక్కిన నియమాలన్నీ దాని వెనుకే వస్తాయి.

దోశ మంచిదే కానీ, అది సగానికీ పావుకూ మాత్రమే పనికివస్తుంది. గుండ్రని వస్తువును మూడు సమభాగాలు, ఐదు సమభాగాలు చేయడం పెద్దవాళ్లకే కంటిచూపుతో సాధ్యం కాదు. పైగా మొదటి దోశ, రెండో దోశ ఒకే కొలతలో రావు. ముక్కలు సమానంగా లేనప్పుడు, అసలు వస్తువులే సమానం కానప్పుడు, పిల్లకు భిన్నం మీద నమ్మకం కుదరదు. అందుకని కాగితపు పట్టీలు తీసుకోండి. అన్నీ సరిగ్గా 24 సెంటీమీటర్ల పొడవు, రెండు వేళ్ల వెడల్పు ఉండేలా కత్తిరించండి. 24ను ఎంచుకోవడానికి కారణం ఉంది: సగం 12, మూడో వంతు 8, నాలుగో వంతు 6, ఆరో వంతు 4, ఎనిమిదో వంతు 3, పన్నెండో వంతు 2 సెంటీమీటర్లు అవుతాయి కాబట్టి స్కేలు పెట్టి సరిచూసుకోవడం సులభం.

ఒక పట్టీని అలాగే ఉంచి, దాన్ని ఒకటి అనుకోమనండి. రెండో దాన్ని ఒకసారి మడిస్తే సగాలు, మూడో దాన్ని రెండుసార్లు మడిస్తే నాలుగో వంతులు, నాలుగో దాన్ని మూడుసార్లు మడిస్తే ఎనిమిదో వంతులు వస్తాయి. మడత పెరిగే కొద్దీ ముక్క చిన్నదవుతోందని ఆమె చేతులకే తెలుస్తుంది కనుక, 1/8 పెద్దదా 1/4 పెద్దదా అన్న ప్రశ్నను మీరు అడగవలసిన అవసరం కూడా రాకపోవచ్చు.

ఇంకొక మాట. మొదట్లో గీత పెట్టి అంకెలు రాయించవద్దు. 'మూడు నాలుగో వంతులు' అని మాటల్లోనే రాయించండి, అలాగే లెక్కపెట్టించండి: ఒక నాలుగో వంతు, రెండు నాలుగో వంతులు, మూడు, నాలుగు. అక్కడ ఆగకుండా ఐదు, ఆరు అంటూ ముందుకు సాగనివ్వండి. ఐదు నాలుగో వంతులంటే ఒక పూర్తి పట్టీ, ఇంకొక నాలుగో వంతు అని ఆమే చూస్తుంది. భిన్నమంటే ఎప్పుడూ ఒకటి కన్నా తక్కువే అన్న అపోహ చాలామంది పిల్లలకు ఏడో తరగతిలో కూడా ఉంటుంది. దానికి కారణం, మొదట్లో మనం ఒకటి దాకా వచ్చి ఆగిపోవడమే.

గవర్నర్‌పేట ట్యూషన్

మాస్టారి మాటలకు నమస్కారం. అయితే నేను ప్రతిరోజూ సాయంత్రం పిల్లలతో కూర్చునేవాణ్ని కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. ఆరో తరగతికి వెళ్లగానే భిన్నాల మీద అభ్యాసం తరువాత అభ్యాసం వస్తుంది. ఫౌండేషన్ కోర్సుల్లో చేరిన పిల్లలకైతే నిమిషానికి ఒక లెక్క చొప్పున పూర్తి చేయాల్సి ఉంటుంది. అక్కడ కాగితాలు మడుస్తూ కూర్చుంటే కుదరదు. హారాలు వేరైతే క.సా.గు. కట్టు, లవాలను మార్చు, కూడు, సూక్ష్మరూపంలోకి తీసుకురా అన్న నాలుగు మెట్లు చేతికి అలవాటైతే, అర్థం తరువాత దానంతటదే వస్తుందని నా అభిప్రాయం. ఎక్కాలను మనం ముందు అర్థం చేసుకుని నేర్చుకున్నామా?

తెనాలి టీచరమ్మ

ట్యూషన్ సార్ గారూ, నియమం అవసరం లేదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. వేగం కూడా కావలసిందే. కానీ ఎక్కాల విషయంలో పొరపాటు జరిగితే పిల్లలకు ఎక్కడో ఒకచోట అనుమానం తగులుతుంది. ఏడు ఎనిమిదులు 560 అని ఎవరూ రాయరు. భిన్నాల్లో అలాంటి అనుమానమే తగలదు. 1978లో అమెరికాలో జాతీయ స్థాయిలో జరిగిన ఒక పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు 12/13 + 7/8 సుమారుగా ఎంత అవుతుందని అడిగి, 1, 2, 19, 21 అన్న జవాబుల్లో ఒకటి ఎంచుకోమన్నారు. రెండూ దాదాపు ఒకటికి దగ్గరగా ఉన్నాయి కనుక జవాబు 2 అని చెప్పగలిగినవారు 24 శాతం మందే. ఎక్కువమంది లవాలు కూడి 19 అనో, హారాలు కూడి 21 అనో ఎంచుకున్నారు. వాళ్లకు నియమం నేర్పలేదని కాదు, సంఖ్య పరిమాణం ఎంతో చూసే అలవాటు చేయలేదు.

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మా దగ్గర ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు ఉంటాయి కనుక మాటను తెలుగులో చెప్పి, సంకేతాన్ని తరువాత చూపించే వీలు మాకు కొంత ఉంది. కూడిక మొదలుపెట్టే ముందు నేను చాలా రోజులు ఒక్క ఆటే ఆడిస్తాను. నేను ఒక భిన్నం చెబుతాను, పిల్లలు అది సున్నాకు దగ్గరా, సగానికి దగ్గరా, ఒకటికి దగ్గరా అన్నది మాత్రం చెప్పాలి. 1/9 సున్నాకు దగ్గర, 5/9 సగానికి దగ్గర, 8/9 ఒకటికి దగ్గర. ఎలా తెలిసిందని అడిగితే మొదట్లో నోరు విప్పరు, తరువాత తరువాత 'తొమ్మిదిలో సగం నాలుగున్నర కదండీ, ఐదు దాని పక్కనే ఉంది' అంటారు. ఆ ఒక్క వాక్యం వచ్చిందంటే సగం పాఠం అయినట్టే.

పటమట తల్లిగారూ, మీ అమ్మాయి 1/2 + 1/3 = 2/5 అని మళ్లీ రాసినప్పుడు తప్పని చెప్పకండి. 2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా అని మాత్రం అడగండి. ఐదులో సగం రెండున్నర కనుక రెండు తక్కువే. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా అయిందో ఆమెనే చెప్పమనండి.

వన్‌టౌన్ కిరాణా

నేను లెక్కల మాస్టరును కాదు, దుకాణం నడుపుకునేవాణ్ని. అయినా ఒక సంగతి చెప్పాలనిపించింది. మన దేశంలో గ్రాముల రాళ్లు 50, 100, 200, 500 వరుసలోనే ఉంటాయి. పావుకిలోకు విడిగా 250 గ్రాముల రాయి ఉండదు. పావు కావాలంటే 200, 50 కలిపి వేస్తాం, ముప్పావుకు 500, 200, 50 వేస్తాం. మా అబ్బాయికి నేను భిన్నాలు చెప్పింది ఈ రాళ్లతోనే. కిలోలో 200 అంటే ఐదో వంతు, 50 అంటే ఇరవయ్యో వంతు. ఆ రెండూ కలిస్తే నాలుగో వంతు ఎలా అయింది అని అడిగాను. 50 గ్రాముల రాళ్లు ఎన్ని వేస్తే 200 అవుతుందో చూసుకుని, నాలుగు ఇరవయ్యో వంతులకు ఇంకొకటి చేరితే ఐదు ఇరవయ్యో వంతులు, అదే పావు అని వాడే చెప్పాడు. ఇప్పుడు అందరి దగ్గరా ఎలక్ట్రానిక్ త్రాసులే వచ్చాయి, వాటిలో 0.250 అని మాత్రమే కనిపిస్తుంది. పాత త్రాసు దొరికితే ఒకసారి పిల్లల చేతికి ఇవ్వండి.

సత్యనారాయణపురం తాతయ్య

కిరాణా వారి మాట చదివాక పాత నాణేలు గుర్తుకొచ్చాయి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, అంటే రూపాయికి 192 పైలు. పావలా అంటే నాలుగు అణాలు, అర్ధ రూపాయి ఎనిమిది అణాలు. సగంలో సగం, అందులో సగం అంటూ దిగే ఆ పద్ధతిలో మేము భిన్నాలను జేబులోనే నేర్చుకున్నాం. అణాకు పన్నెండు పైలు ఉండటం వల్ల మూడో వంతు కూడా చక్కగా వచ్చేది: రూపాయిలో మూడో వంతు 64 పైలు, అంటే ఐదు అణాల నాలుగు పైలు. నేటి రూపాయిని ముగ్గురికి పంచితే ఒక పైసా మిగిలిపోతుంది. 2011 జూన్ 30 తరువాత పావలా నాణెం కూడా చెల్లుబాటు కాలేదు కనుక, నేటి పిల్లలకు పావలా అన్న మాట తాతల కబుర్లలోదే. బడిలో ఆ పాత నాణేల పట్టికను ఒకరోజు బోర్డు మీద రాసి చూపితే బాగుంటుందని నా ఉద్దేశం, కానీ పరీక్షల్లో రానిదాన్ని ఎవరు చెబుతారు?

పటమట తల్లి

అందరికీ ధన్యవాదాలు. పట్టీలు మొదలుపెట్టాను. సగాలు, నాలుగో వంతులు, ఎనిమిదో వంతులు అమ్మాయికి బాగా అర్థమయ్యాయి. 1/4, 1/8 గొడవ తీరిపోయింది. టీచరమ్మగారు చెప్పినట్టు 2/5 గురించి అడిగితే కాసేపు ఆలోచించి, తనే కొట్టివేసింది.

రెండు చిక్కులు మిగిలాయి. కాగితాన్ని మూడు, ఐదు భాగాలుగా మడవడం మా ఇద్దరికీ చేతకావడం లేదు. స్కేలు పెట్టి 8 సెంటీమీటర్ల దగ్గర గీత గీయమంటే గీస్తుంది కానీ, అప్పుడది భాగహారం లెక్క అయిపోతోంది. రెండోది, వస్తువుల గుంపులో భిన్నం. 12 గోలీల్లో మూడో వంతు ఎన్ని అంటే 3 అంటుంది.

బ్రాడీపేట మాస్టారు

మూడు, ఐదు, ఏడు భాగాలకు ఒక పాత ఉపాయం ఉంది, స్కేలు అక్కరలేదు. గీతలున్న లాంగ్ నోట్‌బుక్కు తెరవండి. పట్టీ ఒక చివరను పైనున్న ఏదో ఒక గీత మీద ఉంచి, రెండో చివర సరిగ్గా 21 గడుల (రెండు గీతల మధ్య ఖాళీ ఒక గడి) కింద ఉన్న గీతను తాకేదాకా పట్టీని ఏటవాలుగా తిప్పండి. ఇప్పుడు పట్టీ అంచు ప్రతి ఏడో గీతను దాటే చోట చుక్క పెడితే పట్టీ మూడు సమభాగాలవుతుంది. ప్రతి మూడో గీత దగ్గర పెడితే ఏడు భాగాలవుతుంది. ఐదు భాగాలు కావాలంటే 20 గడులు తీసుకుని ప్రతి నాలుగో గీత దగ్గర గుర్తు పెట్టండి. నోటుపుస్తకంలోని గీతలు సమాంతరాలు, వాటి మధ్య దూరం ఒక్కటే కనుక, వాటిని అడ్డంగా కోసే ఏ సరళరేఖనైనా అవి సమానంగానే ఖండిస్తాయి. ఈ కారణం ఆమెకు ఉన్నత తరగతుల్లో జ్యామితిలో వస్తుంది. ఇప్పుడు చెప్పనక్కరలేదు, ముక్కలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుంటే చాలు.

ఇక గుంపు విషయం. మూడో వంతు అంటే మూడు అనుకోవడం చాలా సహజమైన తడబాటు. 12 గోలీలను మూడు గిన్నెల్లో సమానంగా పంచమనండి, తరువాత ఒక గిన్నెను చూపించి ఇది మొత్తంలో ఎన్నో వంతు అని అడగండి. గిన్నెల సంఖ్య హారం, గిన్నెలోని గోలీల సంఖ్య జవాబు. ఈ రెంటినీ ఆమె కలిపేస్తోంది. అది కుదిరాక ప్రకాశం బ్యారేజీ మీద నడిపిస్తూ అడగండి. దానికి 70 గేట్లు. సగం గేట్లు ఎత్తితే 35, పదో వంతు ఎత్తితే 7, ఏడో వంతు ఎత్తితే 10. నాలుగో వంతు ఎత్తమంటే? 17 గేట్లు ఎత్తి పద్దెనిమిదో గేటును రెండుగా చేయలేం. పట్టీని ఎన్ని భాగాలైనా చేయవచ్చు, గుంపును మాత్రం అన్ని భాగాలూ చేయలేమన్న తేడా అక్కడ దొరుకుతుంది. ఈ తేడా తెలియకనే పిల్లలు ఒక మాదిరి లెక్కలో వచ్చిన జవాబు ఇంకో మాదిరి లెక్కలో ఎందుకు రాదో అర్థంకాక తికమకపడతారు.

ఆ తరువాత మెట్టు సంఖ్యారేఖ. దీన్ని మాత్రం వదిలిపెట్టకండి. పాఠ్యపుస్తకంలో ఒక పేజీలో వచ్చి వెళ్లిపోతుంది కానీ, నా లెక్కలో పాఠం మొత్తానికి ఇదే ఆయువుపట్టు. గోడకు ఒక పొడవాటి కాగితం అంటించి, సున్నా నుంచి 3 దాకా గీత గీసి, ఒక్కొక్క అంకెకు మధ్య సరిగ్గా ఒక పట్టీ పొడవు వదలండి. మడిచిన పట్టీలను దాని కింద ఆనించి, మడతలు వచ్చిన చోట గుర్తులు పెట్టించండి. సగం దగ్గర 1/2 అని, నాలుగో వంతుల పట్టీ పెట్టినప్పుడు అదే చోట 2/4 అని, ఎనిమిదో వంతుల పట్టీతో అదే చోట 4/8 అని వస్తుంది. ఒకే చోటుకు మూడు పేర్లు. సమాన భిన్నాలంటే ఇంతే. లవాన్నీ హారాన్నీ ఒకే సంఖ్యతో గుణించాలన్న సూత్రం వెనుక ఉన్నదీ ఇదే: ప్రతి ముక్కనూ రెండు చేస్తే మొత్తం ముక్కలు రెట్టింపవుతాయి, మనం తీసుకున్న ముక్కలూ రెట్టింపవుతాయి, చోటు మాత్రం మారదు.

అమరావతి ఇంజినీరు

ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. మా అబ్బాయి నాకు వేసిన ప్రశ్నకు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. వాడికి ఒక చిన్న పరీక్షలో 2కు 1 మార్కు, ఇంకొక దానిలో 3కు 1 మార్కు వచ్చాయి. టీచరు రెండూ కలిపి 5కు 2 అని వేశారు. 'మా టీచరే 1/2కు 1/3 కలిపి 2/5 అని వేశారు, నేను వేస్తే ఎందుకు తప్పు?' అంటాడు. అంతేకాదు, మా అమ్మానాన్నలది గుంటూరు. అక్కడ బ్రాడీపేట, అరండల్‌పేట చిరునామాల్లో లైను, అడ్డరోడ్డు అంకెలను ఏటవాలు గీతతో 4/7 అన్నట్టు రాస్తారు కదా, వాడు అది కూడా భిన్నమేనా అని అడుగుతాడు.

తెనాలి టీచరమ్మ

మీ అబ్బాయి ప్రశ్న చాలా మంచిది. దీన్ని తేలికగా తీసేయకండి, ఎందుకంటే 2/5 అన్న జవాబు పుట్టే చోటు ఇదే కావచ్చు.

మార్కులు కలిపినప్పుడు టీచరు చేసింది తప్పు కాదు. కానీ అక్కడ కలిసింది ఏమిటో చూడాలి. మొదటి కాగితంలో మొత్తం 2 మార్కులు, రెండో కాగితంలో మొత్తం 3 మార్కులు. కలిపాక మొత్తమే మారిపోయి 5 అయింది. మొదటి కాగితంలోని సగం రెండు మార్కుల్లో సగం, రెండో దానిలోని మూడో వంతు మూడు మార్కుల్లో మూడో వంతు. చివరి 2/5 ఐదు మార్కుల్లో ఐదింట రెండు వంతులు. మూడు భిన్నాలకూ మూడు వేర్వేరు మొత్తాలు. భిన్నాలను కూడేటప్పుడు మాత్రం అన్నింటికీ మొత్తం ఒక్కటే ఉండాలి. ఒకే కొలతలో ఉన్న పట్టీలో సగం, అదే పట్టీలో మూడో వంతు, జవాబు కూడా అదే పట్టీలో ఎంత అన్నదే. సగానికి ఆరో వంతులు మూడు, మూడో వంతుకు ఆరో వంతులు రెండు, కలిపి అదే పట్టీలో ఐదు ఆరో వంతులు. అందుకే నేను తరగతిలో ప్రతి భిన్నం తరువాతా 'దేనిలో?' అని అడిగిస్తాను. పక్కవాడు సగం అనగానే వెనుక బెంచీ నుంచి 'దేనిలో సగం?' అని కేకలు వస్తాయి. కొంచెం గోలగానే ఉంటుంది కానీ, పనిచేస్తుంది.

మార్కులను కూడా ఒకే మొత్తంలోకి తేవాలంటే రెండు పరీక్షలనూ 6 మార్కులకు మార్చుకోమనండి. మొదటి దానిలో 6కు 3, రెండో దానిలో 6కు 2 అవుతాయి. అప్పుడు రెండింటిలో ఏది బాగా రాశాడో కూడా తెలుస్తుంది.

చిరునామా గురించి మాస్టారే చెప్పాలి, ఆయన ఉండేది అక్కడే కదా.

బ్రాడీపేట మాస్టారు

మా వీధిలో 4/7ను సూక్ష్మరూపంలోకి తేనక్కరలేదు. 2/8కి వెళ్లాల్సిన ఆటోవాణ్ని 1/4కి పంపితే మాత్రం వాడు ఒప్పుకోడు. అబ్బాయికి ఈ ఒక్క పరీక్ష చెప్పండి. పైనా కిందా రెండుతో గుణించినప్పుడు అర్థం మారకపోతే అది భిన్నం, మారితే అది రెండు అంకెల జత. చిరునామా, తేదీ, క్రికెట్‌లో వికెట్లు-పరుగులు, ఇవన్నీ జతలే. 5/30 తీసిన బౌలరు, 10/60 తీసిన బౌలరు ఒకటి కాదు.

గవర్నర్‌పేట ట్యూషన్

టీచరమ్మగారి మార్కుల వివరణ నాకు నచ్చింది, రేపు నా పిల్లలకు అదే చెబుతాను. అయినా నా మాట మీద నేను ఉన్నాను: అర్థమయ్యాక రోజుకు కొన్ని లెక్కలైనా చేయకపోతే అర్థమైంది కూడా జారిపోతుంది. పట్టీలతో ఆడిన పిల్లలు 5/12 + 7/18 ఇస్తే పట్టీ కోసం వెతుక్కుంటారు. 12, 18ల క.సా.గు. 36 అని, కనుక 15/36 + 14/36 = 29/36 అని తడుముకోకుండా రావాలంటే సాధన తప్ప మార్గం లేదు.

సరే, కూడికను పట్టీలతో చూపించారు. భాగహారం మాటేమిటి? 'తలకిందులు చేసి గుణించు' అన్నదాన్ని అర్థంతో ఎలా చెబుతారు? ఇన్నేళ్లలో నేను చెప్పగలిగింది నియమం మాత్రమే.

బ్రాడీపేట మాస్టారు

మీ సాధన మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. భాగహారానికి మీరు ఇష్టపడే ఉమ్మడి హారమే దారి చూపిస్తుంది, వినండి.

భాగహారమంటే 'ఇందులో అవి ఎన్ని?' అన్న ప్రశ్న. 3 లీటర్ల పాలను అర లీటరు ప్యాకెట్లలో పోస్తే ఎన్ని ప్యాకెట్లు? ఆరు. పిల్లకు ఇక్కడే మొదటి ఆశ్చర్యం: భాగిస్తే జవాబు పెరిగింది! పూర్ణసంఖ్యల్లో ఎప్పుడూ తగ్గేది కదా. 3 లీటర్లను ముప్పావు లీటరు సీసాల్లో పోస్తే? 3 అంటే 12 నాలుగో వంతులు, సీసాకు 3 నాలుగో వంతులు, కనుక 4 సీసాలు. హారాలు ఒకటైనప్పుడు వాటిని మరచిపోయి లవాలను భాగిస్తే సరిపోతుంది. కిలోలను కిలోలతో భాగించినప్పుడు కిలోలు పోయినట్టే ఇక్కడ నాలుగో వంతులు పోతాయి.

ఇప్పుడు కష్టమైనది: అర లీటరు పాలు, సీసాకు ముప్పావు లీటరు పడుతుంది. సీసా ఎంత నిండింది? 2 నాలుగో వంతులను 3 నాలుగో వంతులతో భాగిస్తే 2/3. సీసాలో మూడింట రెండు వంతులు నిండింది, కళ్లతో చూడవచ్చు. ఇదే లెక్కను మీ నియమంతో చేస్తే 1/2 × 4/3 = 4/6 = 2/3. 3/4ను తలకిందులు చేసిన 4/3 ఏమిటంటే, ఒక లీటరు పాలకు ఎన్ని సీసాలు కావాలో చెప్పే సంఖ్య: ఒకటింపావు కాదు, ఒకటీ ఇంకో మూడో వంతూ. లీటరుకు అన్ని సీసాలైతే అర లీటరుకు ఎన్ని? సగం. అందుకే గుణించాం. ఆరో తరగతి పిల్లలకు ఈ సీసా ఒక్కటి చాలు.

సత్యనారాయణపురం తాతయ్య

హారాలను ఒకటి చేసి కూడే పద్ధతి మనకు కొత్తది కాదు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలోనే ఆ నియమం ఉంది. తరువాత 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో భిన్నాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. దాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. లవం ఒకటిగా ఉన్న భిన్నాలను కూడి ఒకటి తెప్పించే పద్ధతి మహావీరుడు ఇచ్చాడు. పిల్లలకు ఇవ్వదగిన చిక్కుప్రశ్న: 1/2 + 1/3 + 1/9 + 1/18 ఎంత? ట్యూషన్ సార్ గారి పిల్లలైతే వెంటనే క.సా.గు. 18 అంటారు; 9, 6, 2, 1 కలిపితే 18 వస్తుంది.

పటమట తల్లి

మాస్టారూ, సీసా లెక్క నాకే ఇప్పుడు అర్థమైంది. గోడ మీద సంఖ్యారేఖ అంటించాము, అమ్మాయి తనకు తానుగా 7/4 ఎక్కడ వస్తుందో గుర్తు పెట్టింది.

ఆఖరుగా ఒక్క ప్రశ్న. వచ్చే నెల బడిలో దశాంశ భిన్నాలు మొదలవుతాయట. మా ఇంట్లో అందరికీ క్రికెట్ పిచ్చి. 12.3 ఓవర్లు అంటే పన్నెండూ, పదింట మూడు వంతులూ అని అమ్మాయి చెప్పింది, వాళ్ల నాన్న కాదన్నారు. ఎలా సరిదిద్దాలి?

అమరావతి ఇంజినీరు

నాన్నగారే సరి. ఓవరుకు ఆరు బంతులు కనుక 12.3 అంటే పన్నెండు ఓవర్లు, ఇంకా ఆరింట మూడు బంతులు, అంటే పన్నెండున్నర ఓవర్లు. అక్కడి చుక్క దశాంశ బిందువు కాదు, ఓవర్లకూ బంతులకూ మధ్య అడ్డుగోడ మాత్రమే, అందుకే 12.5 తరువాతి బంతికి 12.6 అని కాకుండా 13 అని వస్తుంది.

దీన్ని లెక్కతోనే చూపించండి. ఒక జట్టు 12.3 ఓవర్లలో 100 పరుగులు చేసిందనుకుందాం. పన్నెండున్నర ఓవర్లు కనుక ఓవరుకు సరిగ్గా 8 పరుగులు. కాలిక్యులేటర్‌లో 100ను 12.3తో భాగిస్తే మాత్రం 8.13 వస్తుంది. టీవీలో చూపించే రన్‌రేటుతో పోల్చుకుంటే ఏది నిజమో అమ్మాయికే తెలుస్తుంది.

దశాంశాలు మొదలుపెట్టడానికి స్కోరుబోర్డు కన్నా కిరాణా వారి త్రాసు మేలు. 0.250 అన్న చోట చుక్క తరువాత మొదటి అంకె పదో వంతులు, రెండోది వందో వంతులు అని చూపించి, రెండు పదో వంతులనూ ఐదు వందో వంతులనూ మీ గోడ మీది గీత మీద గుర్తు పెట్టించండి. పావు దగ్గరికే వస్తుంది.

వన్‌టౌన్ కిరాణా

మా త్రాసు దగ్గరికి ఎప్పుడైనా రావచ్చు. ఉదయం పది దాటాక రద్దీ తక్కువగా ఉంటుంది. పాత రాళ్లు కూడా అటక మీద ఉన్నాయి, దింపి పెడతాను.